వర్షాకాలము - గృహరక్షణ - బీమా

తొలకరి రైతుకు ఆనందదాయకము. కాని పల్లపు వీధిలో ఇల్లు గలవానికి, నేలమట్టపు దుకాణంలో సరుకు నింపుకొన్న చిన్న వర్తకునికి ఆ వానయే ఆందోళన కలిగిస్తుంది. ఈ ఆందోళన నిరాధారమైనది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదు నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినది. 2020 అక్టోబరులో హైదరాబాదులోని పల్లపు బస్తీలు నీట మునిగినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచెత్తినది.

మూసీ వరద అనంతరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా పొంది, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలను నిర్మించినది. నగరానికి జలాశయమెట్టిదో, కుటుంబానికి ముందుజాగ్రత్తయు, బీమాయు అట్టివి. రెండును వరద రాకముందే కట్టుకొనవలసిన గట్లు.

మొదటిది మన చేతిలోని పని. వానలకు ముందే పైకప్పు పగుళ్లు పూడ్చి, నీరు పోవు తూములను శుభ్రపరచవలెను. పాత విద్యుత్ తీగలను మార్పించవలెను. నీరు ఇంట జొరబడక మునుపే మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ సిలిండరు మూసివేయవలెను. దుకాణాలలో సరుకును నేలపై గాక ఎత్తైన బల్లలపై ఉంచవలెను. ఏండ్ల తరబడి మరమ్మతు లేక శిథిలమైన గోడకు బీమా కూడ పరిహారమీయదు.

రెండవది బీమా. పదుగురు చెల్లించిన స్వల్ప మొత్తాలతో ఒకని పెద్ద నష్టమును పూడ్చుటయే దీని సూత్రము. 2021 ఏప్రిల్ 1 నుండి ఇండ్లకు ‘భారత్ గృహ రక్ష’, మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలకు మించని వ్యాపారాలకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష’ అను పాలసీలు అమలులోనికి వచ్చినవి. అగ్ని, పిడుగు, తుపాను, వరద, భూకంపము వీని పరిధిలోనివి. అద్దె ఇంటివారు సామానుకు మాత్రమే బీమా చేయించుకొనవచ్చును. ఇంటి విలువ యనగా కట్టడపు ఖర్చేగాని స్థలము ధర కాదు.

ఇచ్చట వర్తకులు గమనింపవలసిన విషయమొకటి కలదు. ప్రీమియం తగ్గునను ఆశతో 10 లక్షల సరుకును 5 లక్షలుగా చూపినవానికి 2 లక్షల నష్టము వచ్చినచో, దక్కునది ఇంచుమించు 1 లక్ష మాత్రమే. సగము విలువకే బీమా చేసినందున పరిహారము కూడ సగమగును. ప్రీమియంలో మిగిలిన కొద్ది రూపాయలు ఆపదనాడు లక్ష రూపాయల లోటుగా పరిణమించును.

నష్టము సంభవించినచో ఆలస్యము చేయక బీమా సంస్థకు తెలుపవలెను. శుభ్రపరచుటకు ముందే ఫోటోలు తీయవలెను. సర్వేయరు చూచువరకు పాడైన వస్తువులను పారవేయరాదు. కొనుగోలు రశీదులు, ఖాతా పుస్తకాలు, పాలసీ ప్రతులను ఎత్తైన చోట భద్రపరచవలెను. లెక్క చూపలేని నష్టమును నిరూపించుట కష్టము.

విద్యార్థి మిత్రులారా! మన ఇండ్లలో పాలసీ కాగితము పెట్టెలో పడియుండుటయే గాని చదువువారు అరుదు. మీరు చదివిన చదువు ఆ కాగితమును తల్లిదండ్రులకు విప్పిచెప్పుటకు వినియోగపడినచో, అది కుటుంబమునకు మీరొనర్చు తొలి సేవ కాగలదు. అయితే ఆ పని మేఘములు కమ్ముకొనక ముందే జరుగవలెను. వరద వచ్చిన పిమ్మట తీసుకొన్న పాలసీ ఆ వరద నష్టమును తీర్చజాలదు.