మీకు తెలుసా? చుక్కను కప్పేస్తేనే గ్రహం కనిపిస్తుంది

హైటెక్ సిటీకి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, రంగారెడ్డి జిల్లాలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఉంది. 1980 ఫిబ్రవరి 16న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. రెండు నిమిషాల పాటు చంద్రుడు సూర్యబింబాన్ని మూసేయడంతో చుట్టూ ఉన్న మసక వెలుగు వలయం, అంటే కరోనా, బయటపడింది. గ్రహణం కోసం ఎదురుచూడకుండా టెలిస్కోపులోనే ఆ అడ్డు పెడితే అది కరోనాగ్రాఫ్. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లోనూ ఒకటుంది.

వేరే నక్షత్రాల గ్రహాలను ఫొటో తీయడానికీ ఇదే ఉపాయం. పని మాత్రం మహా మొండిది. దూరం నుంచి చూస్తే మన గురుగ్రహం సూర్యుడికన్నా దాదాపు వంద కోట్ల రెట్లు మసక. భూమి అయితే సుమారు వెయ్యి కోట్ల రెట్లు! అందుకే ఇప్పటిదాకా ఫొటోకు చిక్కినవి చాలావరకు పుట్టినప్పటి వేడి ఇంకా ఆరని భారీ గ్రహాలే. ఆ వేడి పరారుణ కాంతిలో బాగా కనిపిస్తుంది. హవాయిలోని కెక్, జెమిని టెలిస్కోపులు 2008లో హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ మూడింటిని చూపించాయి; నాలుగోది 2010లో తేలింది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన తొలి పరాయి గ్రహం ఫొటో 2022లో వచ్చింది. నాసా రోమన్ టెలిస్కోపు కరోనాగ్రాఫ్‌లోని అద్దాలు ఆకారం మార్చుకుంటూ అడ్డు దాటి వచ్చే నక్షత్రపు వెలుగునూ అణచివేస్తాయి. దాని గురి గురుగ్రహం లాంటి వాటిమీదే. భూమి లాంటిదాని వంతు ఇంకా రాలేదు.