కొండరాయి అందుబాటులో ఉండగా మట్టికోటలెందుకు?

పలాసలో రైలెక్కి ఇచ్ఛాపురం వైపు వెళ్తే కుడిచేతి వైపు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు. ఎడమచేతి వైపు మహేంద్రగిరి కొండల వరుస. ఆ మధ్య నేలలో ఒకప్పుడు చిన్నచిన్న జమీందారీలు గట్లు ఆనుకుని ఉండేవి: తర్లా, మందస, జలంత్ర, బుడారసింగి. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఇదంతా గంజాం జిల్లా. జలంత్రకయితే కోట ఊరి పేరులోనే ఉండిపోయి జలంత్రకోట అయింది. ఉత్తర సర్కారు జమీందారుల కోటలంటే గోల్కొండలు, గండికోటలు కావు. చాలావాటికి చుట్టూ మట్టి ప్రాకారం, మధ్యలో రాజుగారి ఇల్లు. అంతే.

రాయి దొరక్క కాదు. శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి చూసినవాళ్ళెవరూ ఈ వైపు శిల్పులకు రాతిపని రాదనరు. మహేంద్రగిరి పైన కూడా రాతి గుళ్ళు కట్టినవాళ్ళు వాళ్ళు. దేవుడికి రాయి, రాజుకు మట్టి! చైనాలోనూ ఇదే సంగతి. లీ చున్ అనే మేస్త్రీ సుమారు 605లో కట్టిన ఝావోజౌ రాతి వంతెన ఇప్పటికీ నిలిచి ఉంది. అంత రాతిపని తెలిసినవాళ్ళు రాజధానుల చుట్టూ ప్రాకారాలు మాత్రం మట్టితో లేపారు. అదే ఐరోపా ప్రభువులు రాయి మీద రాయి పేర్చి ఆకాశానికెత్తారు. తెలివితక్కువతనం, వెనకబాటు అనే జవాబులు ఇక్కడ పనికిరావు. మట్టిగోడ ఒక ఆవిష్కరణ. దాని పుట్టుక దగ్గర మొదలుపెడితే సంగతి తెలుస్తుంది.

ఉత్తర చైనాలో పసుపుపచ్చని దుమ్ము నేల ఉంది. లక్షల ఏళ్ళుగా గాలి తెచ్చి పోసిన ఈ మన్ను కొన్నిచోట్ల 100 మీటర్లకు పైగా మందం. దాన్ని లోయెస్ అంటారు. పసుపు నదికి ఆ రంగు దాని వల్లనే. బంకమట్టి పాలు తక్కువ, మెత్తని రేణువులు ఎక్కువ. ముద్ద చేసి పెడితే నిలవదు గానీ, రెండు పలకల మధ్య పలచగా పోసి దిమ్మిసతో కొడితే గట్టిపడి కూర్చుంటుంది. ఒక పొర అయ్యాక మరో పొర, పలకలు పైకి జరిపి మళ్ళీ పొర. ఝెంగ్‌ఝౌలో షాంగ్ రాజుల కాలపు ప్రాకారం క్రీ.పూ. 1500 ప్రాంతానిది, చుట్టుకొలత సుమారు 7 కిలోమీటర్లు. దాన్ని తవ్వితే పొరపొరకూ దిమ్మిస దెబ్బల గుంటలు వరుసగా కనిపించాయి.

ఈ పనిలో కిటుకంతా తడిలో ఉంది. మన్ను మరీ పొడిగా ఉంటే రేణువులు ఒకదాని పక్కకు ఒకటి జరగవు, ఎంత కొట్టినా మధ్యన గాలి మిగులుతుంది. మరీ తడిస్తే ఆ జాగాను నీరే ఆక్రమిస్తుంది, దిమ్మిస దెబ్బకు మన్ను పక్కకు ఉబుకుతుందే గానీ అణగదు. రెంటి మధ్య ఒక పదును ఉంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, కింద పడేస్తే చిట్లాలి. ఆ పదునుకు లెక్క కట్టే పద్ధతిని కాలిఫోర్నియాలో ప్రాక్టర్ అనే ఇంజనీరు 1933లో రాసిపెట్టాడు. ఇప్పుడు మన జాతీయ రహదారి కట్టలకు ప్రయోగశాలలో చేసే పరీక్ష ఆయన పేరు మీదే ఉంది. షాంగ్ కూలీలు దాన్ని మూడువేల ఏళ్ళ కిందటే చేతితో చూసి పట్టేశారు.

పరీక్షలు కూడా క్రూరంగా ఉండేవి. హెలియన్ బోబో అనే రాజు 413లో టోంగ్వాన్ నగరం కట్టించినప్పుడు, గోడలోకి దబ్బనం అంగుళం దిగితే చాలు, కట్టినవాణ్ణి చంపి ఆ గోడలోనే కలిపి కూరేవారని చైనా చరిత్రలు చెబుతున్నాయి. ఆ తెల్లటి గోడలు ఎడారి అంచున ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఇంత నెత్తురు లేకుండా అదే పని చెప్పిన గ్రంథమూ ఉంది. 1103లో లీ జియె అచ్చు వేయించిన ప్రభుత్వ నిర్మాణ సూత్రాల్లో నగర ప్రాకారం 40 అడుగులు ఎత్తుంటే అడుగున 60 అడుగుల మందం ఉండాలని రాశారు. ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. గోడ అనడం కన్నా చెరువు గట్టు అంటే సరిపోతుందేమో. ఇప్పుడు పర్యాటకులు సైకిళ్ళు తొక్కే షియాన్ ప్రాకారం 12 మీటర్ల ఎత్తు, పైభాగమే 12 నుంచి 14 మీటర్ల వెడల్పు. బయట కనిపించే ఇటుక తొడుగు మాత్రమే. లోపలిది మట్టి.

ఇంత మట్టి ఎవరు మోస్తారు? తేడా అసలు ఇక్కడే ఉంది. హాన్ రాజధాని చాంగాన్‌కు ప్రాకారం కట్టేటప్పుడు క్రీ.పూ. 192లో చుట్టుపక్కల నుంచి 1,46,000 మంది ఆడా మగా కూలీలను 30 రోజులకు రప్పించారు. ఆ గోడ చుట్టుకొలత 25 కిలోమీటర్ల పైమాటే. మట్టి మోయడానికి, దిమ్మిస కొట్టడానికి విద్య అక్కర్లేదు, మందీ మార్బలం కావాలి. అంత మందిని ఒక్క పిలుపుతో కదిలించే ప్రభుత్వం కావాలి. చైనాలో అది ఉంది. పైగా దేశాన్ని ఒక్కటి చేసిన మొదటి చక్రవర్తి పాత రాజ్యాల ప్రాకారాలను పడగొట్టించాడు. ఆ తర్వాత ప్రాకారం అంటే నగరానిది, సర్కారుది. లోపల బజారు, కచేరీ, వేల కొద్దీ జనం. అధికారి బదిలీ మీద వస్తాడు, పోతాడు. రాజ్యం చెదిరిన కాలాల్లో సొంత గడీలు లేవలేదని కాదు, ఫుజియాన్‌లో హక్కా వాళ్ళు కట్టుకున్న తులో అనే గుండ్రటి కోట ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అవీ మట్టివే.

ఐరోపా సంగతి వేరు. అక్కడ కోట ఒక ప్రభువు ఇల్లు. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్లు మొదట మట్టిదిబ్బ పోసి పైన కొయ్య బురుజు కట్టారు. ఆ తర్వాతే రాయి. వేల్స్‌లో ఎడ్వర్డ్ రాజు కట్టించిన కాన్‌వీ కోట అంత పెద్దది కదా, 1284లో దాని కాపలాకు నిర్ణయించిన సిపాయిలు 30 మంది! వాళ్ళలో సగం విల్లు పట్టినవాళ్ళు. 30 మంది కిలోమీటర్ల గోడను కాయలేరు. కనుక చుట్టుకొలత చిన్నది చేసి, ఎత్తు పెంచి, బురుజులు ముందుకు పొడుచుకొచ్చేట్టు కట్టి, ఒకడే పది మంది పని చేసేలా అమర్చారు. అందుకు చెక్కిన రాయి కావాలి, కూలి పుచ్చుకునే తాపీ పనివాళ్ళు కావాలి. బోమారిస్ కోట పనిలో 1296లో 400 మంది తాపీ మేస్త్రీలు, 2,000 మంది కూలీలు ఉన్నారని కట్టించిన మేస్త్రీయే ఉత్తరం రాశాడు. చాంగాన్ జనంతో పోల్చి చూడండి.

ఫిరంగి రానంతకాలం రెండు పద్ధతులూ బాగానే పనిచేశాయి. ఫిరంగి వచ్చాక రాయి గుట్టు బయటపడింది. రాయి ఎంత ఒత్తిడినైనా ఓర్చుకుంటుంది, లాగుడుకు మాత్రం ఆగదు. గుండు తగిలినప్పుడు పుట్టే తరంగం గోడ అవతలి ముఖం దాకా వెళ్ళి తిరుగుముఖం పట్టేటప్పుడు లాగుడుగా మారుతుంది. పెచ్చులు ఊడతాయి, అతుకులు వదులవుతాయి, ఎత్తయిన సన్నని గోడ తన బరువుకు తానే ఒరుగుతుంది. ఎగిరిన రాతి ముక్కలు లోపలివాళ్ళకే తగులుతాయి. మట్టిలో గుండు దిగితే కథ వేరు. లక్షల రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుంటూ దాని వేగాన్ని తినేస్తాయి. ధాన్యం బస్తాను కర్రతో కొట్టినట్టే, దెబ్బ తగిలిన చోట గుంట పడుతుంది, బస్తా ఉంటుంది. పడ్డ గుంటను రాత్రికి రాత్రి తట్టల మట్టితో పూడ్చుకోవచ్చు.

1453లో కాన్‌స్టాంటినోపుల్, 1494లో ఫ్రెంచి ఫిరంగుల ముందు ఇటలీ కోటలు ఈ పాఠం నేర్చుకున్నాయి. 1500లో పీసా నగరాన్ని ముట్టడించినప్పుడు రాతిగోడ కూలింది. ఊరివాళ్ళు లోపలివైపు గబగబా మట్టికట్ట, కందకం వేశారు. ముట్టడించినవాళ్ళు దాన్ని దాటలేక తిరిగిపోయారు. ఆ తర్వాత ఐరోపా కోటలు పొట్టివయ్యాయి, లావయ్యాయి, నక్షత్రం ఆకారం తెచ్చుకున్నాయి, కడుపులో మట్టి నింపుకున్నాయి. అంటే చైనావాళ్ళు మొదలుపెట్టిన చోటికి ఐరోపా దెబ్బలు తిని చేరింది. చైనా గోడలు అంత మందంగా ఉండటం వల్లే మందుగుండు కనిపెట్టిన దేశంలో గోడలు కూల్చే పెద్ద ఫిరంగులు పెరగలేదని టోనియో ఆండ్రాడె అనే చరిత్రకారుడు 2016లో వాదించాడు. వాదనలో బలముంది. అయితే అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఉత్తరాన గుర్రాల మీద వచ్చే శత్రువులకు కూల్చడానికి గోడలే లేవు కదా!

ఇక మన వైపు. మట్టి ప్రాకారం మనకు చైనా నుంచి రాలేదు, ఇక్కడిదే. భువనేశ్వర్ పక్కన శిశుపాలగడను 1948లో బి.బి. లాల్ తవ్వించినప్పుడు క్రీస్తుకు ముందునాటి బంకమట్టి ప్రాకారం బయటపడింది. అడుగున 110 అడుగుల మందం, 25 అడుగులకు పైగా ఎత్తు. మన శ్రీకాకుళం జిల్లాలోనే సరుబుజ్జిలి దగ్గర దంతపురంలో పాత మట్టికట్ట ఉంది. అర్థశాస్త్రం కందకం తవ్విన మట్టినే కట్టగా పోసి ఏనుగులతో, ఎద్దులతో తొక్కించమని, పైన ముళ్ళపొదలు పెంచమని చెప్పింది. మనకు దిమ్మిస కన్నా ఏనుగు దగ్గరి చుట్టం! ఓరుగల్లులో రాతికోటకు బయట మట్టికోట, దానికి కందకం. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం వచ్చినప్పుడు ఆ మట్టిగోడలో ఉక్కు ఈటె దిగదని, రాళ్ళు తగిలి వెనక్కు ఎగురుతాయని శత్రుపక్షం కవి అమీర్ ఖుస్రోయే రాశాడు. కవి మాటల్లో అతిశయం ఎంతున్నా, కందకం పూడ్చుకుంటే గాని వెలిగోడ చేతికి రాలేదన్నది నిజం.

ఐరోపా ఫిరంగికి, ఉత్తరాంధ్ర మట్టిగోడకు ముఖాముఖి పరీక్ష బొబ్బిలిలో జరిగింది. 1757 జనవరి 24. బుస్సీ ఫ్రెంచి దళం, విజయనగరం సైన్యం ఒకవైపు. బొబ్బిలి రాజు రంగారావు, ఆయన మనుషులు మరోవైపు. వీరగాథ అందరికీ తెలిసిందే, సినిమా కూడా 1964 నుంచి చూస్తున్నాం. నా దృష్టి గోడ మీద ఉంది. అదే శతాబ్దంలో రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు బొబ్బిలి తరహా కోటలు కట్టే విధానం రాసిపెట్టాడు. గట్టి బంకమట్టిని వరసగా పెట్టి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే దాని మీద ఇంకో వరస. చైనా పద్ధతికి, దీనికి తేడా చూడండి. అక్కడిది బంక తక్కువైన మన్ను, కొట్టి బిగించాలి. ఇక్కడిది బంక మన్ను, తొక్కి పెట్టాలి. ఒకేసారి ఎత్తు లేపితే ఆరేటప్పుడు కుంచించుకుని పగుళ్ళిస్తుంది, అందుకే వరసకీ వరసకీ ఎండ. మన పల్లెల్లో మట్టిగోడల ఇళ్ళు కట్టిందీ ఇలాగే.

తెల్లవారుతూనే ఫిరంగులు నాలుగు బురుజుల మీద పేలాయి. తొమ్మిది గంటలకు పైనున్న పిట్టగోడలు అక్కడక్కడ విరిగాయి. ప్రాకారం కదల్లేదు. నిచ్చెనలు వేసి ఎక్కబోయినవాళ్ళు గంటసేపు పోరాడినా ఒక్కడూ లోపలికి దిగలేకపోయాడు. చివరికి లోపల మనుషులు అయిపోయాకే కోట పోయింది. గోడ ఓడిపోలేదన్నది నా లెక్క. అవి మైదానంలో లాక్కుపోయే తేలిక ఫిరంగులు, ముట్టడి ఫిరంగులు కావన్న మాట కూడా చెప్పాలి. కానీ 1805లో భరత్‌పూర్ మట్టికోట మీద జనరల్ లేక్ ముట్టడి ఫిరంగులు పెట్టి నాలుగుసార్లు ఎక్కబోయి నాలుగుసార్లూ వెనుదిరిగాడు. 1826లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని పట్టుకున్నది గోడ కింద సొరంగం తవ్వి మందు పేల్చాకనే.

బొబ్బిలి గోడ గురించి ఓర్మ్ రాసిన ఇంకో చిన్న మాట నాకు అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది. ప్రాకారం మీద గడ్డికప్పు ఉండేదట. పోరు మొదలయ్యే ముందు నిప్పంటుకుంటుందని లోపలివాళ్ళే దాన్ని పీకేశారు. కోటగోడకు గడ్డికప్పు! మన వానల దేశంలో మట్టిగోడకు అసలు శత్రువు ఫిరంగి కాదు. రేణువులను పట్టి ఉంచేది వాటి మధ్యనున్న కొద్దిపాటి తడి బిగింపు. నీరు నిండితే ఆ బిగింపు పోతుంది. చైనాలో వాన తక్కువైన ఉత్తర, వాయవ్య ప్రాంతాల్లో వట్టి మట్టిగోడలు వెయ్యేళ్ళు నిలిచాయి. మిగతాచోట్ల మింగ్ రాజుల కాలంలో ఇటుక తొడిగారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి కురిసిన వాన చూసినవాళ్ళకు, కప్పు లేని మట్టిగోడ ఈ నేల మీద ఎన్నేళ్ళు ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఏటా కప్పు వేసే రాజు ఉన్నన్నాళ్ళే కోట.

మొత్తానికి మన జమీందారుల కోట ఒక విచిత్రమైన కలయిక. ఐరోపాలో లాగా అది ఒక ప్రభువు ఇల్లు, చైనాలో లాగా మట్టి కట్టడం. కాన్‌వీకి పెట్టినంత డబ్బు, చాంగాన్‌కు తెచ్చినంత జనం, రెండూ లేని రాజు కాళ్ళ కింద మట్టితో తనకు కావలసింది కట్టుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళు 1768లో గంజాం దగ్గర రుషికుల్య ఒడ్డున కట్టిన పోతగడ కూడా కాన్‌వీ లాంటి రాతి మేడ కాదు, ఐరోపా దెబ్బలు తిన్నాక నేర్చుకున్న నక్షత్రాకారపు కోట.

మందస, సోంపేట, కంచిలి వైపు ఊరి చివర కోటదిబ్బ అని పిలిచే మట్టిగుట్ట మీ ఎరికలో ఉంటే ఒక పని చేయండి. ట్రాక్టర్లకు మట్టి ఎత్తుతున్నప్పుడు తెగిన అంచును దగ్గరగా చూడండి. అడ్డంగా వరసలు కనిపిస్తే అది మనిషి కట్టిన గోడ కావచ్చు. ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపండి. అప్పటిదాకా ట్రాక్టరును ఆపించండి.