నీళ్లు తాగని గడ్డి

నీళ్లు పోయనక్కరలేదు, కోయనక్కరలేదు, ఎండాకాలంలో ఎండిపోదు. మదనపల్లె, పుంగనూరుల్లో కొన్ని కొత్త ఇళ్ల ముందర, మిద్దెల మీద పరిచిన ప్లాస్టిక్ గడ్డిని మీరు చూసే ఉంటారు. మా సదుం వైపు వేసవి వస్తే బోర్లలో నీళ్లు అడుగంటుతాయి. అలాంటి చోట నీళ్లడగని పచ్చిక మీద ఆశ పుట్టడం సహజమే. అయితే దానికీ పోషణ కావాలి, దెబ్బ తగిలితే వైద్యమూ కావాలి.

ముందు ఇది ఎలా పుట్టిందో చూడండి. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పుగల క్రీడా మైదానాన్ని తెరిచారు. కప్పుకు అమర్చిన పారదర్శక పలకల గుండా ఎండ పడి లోపలి గడ్డి పెరగాలి. కాని ఆ పలకల మిరుమిట్లకు పైకి లేచిన బంతి ఆటగాళ్లకు కనబడలేదు. సరే, పలకలకు రంగు పూశారు. వెలుతురు తగ్గింది, దానితో కిరణజన్య సంయోగక్రియ కుంటుపడింది, గడ్డి చచ్చిపోయింది! 1966లో అక్కడ మోన్‌శాంటో కంపెనీవారి నైలాన్ గడ్డి పరిచారు. ‘ఆస్ట్రోటర్ఫ్’ అన్న పేరు అలా వచ్చింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ పోటీలను మొదటిసారి కృత్రిమ మైదానం మీద జరిపారు. అంతకు ముందు ఏడాదే ప్రపంచ కప్పు గెలిచిన మన జట్టు అక్కడ ఏడో స్థానంతో తిరిగి వచ్చింది.

ఇళ్లలో పరిచేది ఎక్కువగా పాలిథీన్ పోచల గడ్డి. పోచలను ఒక ప్లాస్టిక్ గుడ్డకు కుట్టి, అవి ఊడిపోకుండా అడుగున రబ్బరు వంటి పూత వేస్తారు. వాన నీరు దిగడానికి ఆ పూతలో రంధ్రాలుంటాయి.

దీని పెద్ద లోపం వేడి. ఎండ బాగా కాసిన రోజున దీని ఉపరితలం 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. పక్కనే ఉన్న గరిక మాత్రం కాలికి చల్లగానే తగులుతుంది. రెండింటి మీదా పడేది ఒకే ఎండ కదా, ఈ తేడా ఎందుకు? గరిక తన పత్రరంధ్రాల గుండా నీటిని ఆవిరిగా వదులుతుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 1 కెలోరీ చాలు. అదే గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కెలోరీలు కావాలి. ఆ వేడినంతా ఆవిరి మోసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. ప్లాస్టిక్ పోచ దగ్గర వదలడానికి నీరు లేదు. పడిన ఎండను వేడిగా మార్చుకొని కూర్చుంటుంది. నీళ్లు చల్లితే చల్లబడుతుంది గాని, తడి ఆరగానే మళ్లీ కాలుతుంది. నీళ్లు మిగులుతాయని పరిచినదానికి రోజూ నీళ్లు చల్లుతూ కూర్చోవడం నాకైతే నవ్వు తెప్పిస్తుంది. మీ ఇంట్లో పాకే బిడ్డలుంటే మాత్రం నవ్వులాట కాదు. వాళ్ల చర్మం పలుచన, చటుక్కున లేచి పరుగెత్తనూలేరు. ఎండవేళ వాళ్లను దానిపై వదలకండి. పైన పందిరి వేస్తే ఇంకా మేలు.

వేడికి పోచలు మెత్తబడతాయి. కుర్చీ కాళ్లు, మన కాళ్లు తొక్కి అవి అణగిపోతాయి. చల్లటి వేళలో, పోచలు వాలిన దిక్కుకు ఎదురుగా గట్టి ఈనెల చీపురుతో ఊడ్చితే లేస్తాయి. ఇనుప తీగల బ్రష్ వాడితే పోచలు చీలిపోతాయి. పోచల మధ్య కడిగి ఆరబెట్టిన సన్నటి ఇసుక పోస్తే అవి నిలబడతాయి. మట్టి కలిసిన ఇసుక పోస్తే రంధ్రాలు పూడి నీరు నిలుస్తుంది. దుమ్ము పేరుకుంటే దానిలో నిజం గడ్డే మొలుస్తుంది. తుంగ అయితే అడుగునుంచి పొడుచుకొని పైకి వస్తుంది!

ఇక చిల్లులు. మన వైపు వీటికి ముఖ్య కారణం దీపావళి. పాలిథీన్ 110, 130 డిగ్రీల మధ్యనే కరుగుతుంది. కాకరపువ్వొత్తి నిప్పురవ్వ వేడి వెయ్యి డిగ్రీల పైమాటే. కరిగి గడ్డకట్టిన పోచలను మళ్లీ విడదీయలేము, ఆ ముక్కను మార్చవలసిందే. గడ్డిని తిరగవేసి, అడుగువైపునుంచి పెద్దవాళ్ల చేత చదరంగా కోయించండి. పైనుంచి కోస్తే మంచి పోచలు కూడా తెగుతాయి. అదే కొలతకు కొత్త ముక్క కోసి, పోచల వాలు ఒకే దిక్కుకు ఉండేటట్లు అమర్చాలి. దూడ వీపు నిమిరి చూడండి, వాలు అంటే ఏమిటో తెలుస్తుంది. వాలు తప్పితే అతుకు దూరానికే కనబడుతుంది. రెండింటి అడుగునా ఒక గుడ్డపట్టీ పెట్టి, దానికి జిగురు రాసి, బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయాలి.

జిగురు అడుగు పూతకే ఎందుకు, పోచలకు పూస్తే అంటదా? పాలిథీన్ సంచి మీద ఒక నీటిచుక్క వేయండి. అది పరుచుకోదు, ముత్యంలా నిలుస్తుంది. చాలా జిగురులూ అంతే, పాలిథీన్‌ను సరిగా తడపలేవు. తడపని జిగురు పట్టుకోదు. పోచలకు అంటినది పెచ్చులుగా ఊడి వస్తుంది.

కుక్కలు తిరిగే ఇంట్లో మూత్రంలోని యూరియా అమోనియాగా మారి కంపు కొడుతుంది. నేలలోనైతే సూక్ష్మజీవులు, వేర్లు దాన్ని వాడుకొనేవి. ఇక్కడ ఆ పని మీరు నీళ్లతో కడిగి చేయాలి. బ్లీచింగ్ పౌడరు మాత్రం చల్లవద్దు, అమోనియాతో కలిసి విషవాయువులు వస్తాయి.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిమర్ గొలుసులను మెల్లగా తెంపుతాయి. కొన్నేళ్లకు పోచలు పెళుసెక్కి పొడిగా రాలతాయి, ఆ పొడి వానతో కాలువలకు చేరుతుంది. కృత్రిమ మైదానాల్లో చల్లే ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకాన్ని 2031 నుంచి ఆపాలని ఐరోపా సంఘం 2023లో నిబంధన చేసింది. మీరు ఇసుకే వాడండి. పాతబడిన గడ్డిని తగలబెట్టకండి, ఆ పొగ మంచిది కాదు.

ఎండాకాలం సెలవుల్లో ఒక కొలత తీయండి. బడిలోని ప్రయోగశాల ఉష్ణమాపకాన్ని మీ సైన్సు మాస్టారినడిగి తెచ్చుకోండి. మధ్యాహ్నం రెండు గంటలకు దాని బల్బును ప్లాస్టిక్ గడ్డిలో, సిమెంటు నేల మీద, గరికలో ఐదేసి నిమిషాలు ఉంచి రాసుకోండి. తరువాత మూడు చోట్లా ఒక్కో చెంబు నీళ్లు పోసి, గంటసేపు పది నిమిషాలకోసారి చూడండి. జ్వరం చూసే ఉష్ణమాపకం మాత్రం పెట్టకండి. దాని కొలత 42 డిగ్రీలతో సరి, ఆపైన పాదరసం వ్యాకోచించి గాజు పగులుతుంది.