చెన్నైలో సైకిలెక్కే ముందు గాలి ఎటు ఉందో చూద్దాం

మన సంఘం కుటుంబాల్లో ఆదివారం సైకిళ్ళు బయటికి తీసేవారు ఈమధ్య పెరిగారు. తిరువాన్మియూరు నుంచి ఈసీఆర్ మీదుగా ముట్టుకాడు, కోవళం దాకా వెళ్ళొస్తున్నారు. సంతోషమే. అయితే "తెల్లవారుజామునే బయల్దేరితే చాలు" అన్న మాట ఒకటి అందరి నోటా వినిపిస్తోంది. మన ఊళ్ళో ఆ మాట అన్ని నెలలకూ చెల్లదు.

ఎండాకాలంలో చెల్లుతుంది. తమిళులు కత్తిరి అనే మే నెల ఎండలూ, మన రోహిణి కార్తె ఎండలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సముద్రపు గాలి తిరగడానికి మధ్యాహ్నం అవుతుంది. జూన్, జూలైలలో పడమటి గాలి బలంగా ఉంటే అది ఇంకా ఆలస్యం, ఒక్కోరోజు అసలు రాదు. సెప్టెంబరు దాకా ఉరుముల వాన ఎక్కువగా సాయంత్రమో రాత్రో, కాంచీపురం, తిరువళ్ళూరు వైపు నుంచి వస్తుంది. కాబట్టి ఉదయం ఎనిమిదిలోపు ఇంటికి చేరడమే తెలివి. సాయంత్రం పడమట మబ్బు కమ్మితే బీచి రోడ్డు మీద ఉండకూడదు. ఆ బయట పిడుగు నుంచి తలదాచుకునే చోటు దొరకదు.

అక్టోబరు నుంచి లెక్క తిరగబడుతుంది. ఏడాదిలో మనకు పడే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా డిసెంబరులోపు ఈ మూడు నెలల్లోనే పడుతుంది. హైదరాబాదు బంధువులు ఫోనులో "మాకు వానలు వెళ్ళిపోయాయి" అనే వేళకు మనకు మొదలవుతాయి. నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబాల పెద్దలకు ఇది తెలిసిన సంగతే. ఈ మబ్బులు సముద్రం మీద నుంచి వస్తాయి, తరచూ అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున కురుస్తాయి. మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చే రోజులు చాలానే ఉంటాయి. అందుకే నవంబరులో మూడు గంటలకు బయల్దేరి చీకటి పడేలోపు రావడం మేలు. వాయుగుండం ఉన్న రోజుల్లో మాత్రం ఈ లెక్కేదీ పనిచేయదు, సైకిలు ఇంట్లోనే ఉండాలి. వాతావరణ శాఖ చెన్నై రాడార్ చిత్రం ఎవరైనా చూడవచ్చు. సముద్రం మీది వాన తీరానికి చేరకముందే అందులో కనిపిస్తుంది.

దూరం వెళ్ళేవారు గాలి దిక్కు కూడా చూసుకోవాలి. మే నెల సాయంత్రాల్లో గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది. కోవళం వెళ్ళేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు సుఖం. డిసెంబరు, జనవరిలలో ఈశాన్యపు గాలి. వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది గనుక కుర్రవాళ్ళు ఇంత బాగా తొక్కుతున్నామని మురిసిపోతారు. తిరుగుదారిలో ఇరవై కిలోమీటర్లకు పైగా అదే గాలికి ఎదురు తొక్కాలి. సగం సత్తువ మిగిలి ఉండగానే వెనక్కి తిరగమని చెప్పండి.

వాన వెలిశాక నిలిచిన నీళ్ళలోకి ఎవరూ సైకిలు దించవద్దు. ట్యూషన్లకు వెళ్ళే పిల్లలకు ఇది మరీ మరీ చెప్పాలి. నీటి కింద మూత లేని డ్రైనేజీ ఉండొచ్చు, తెగిన కరెంటు తీగ ఉండొచ్చు. సబ్‌వేలో నీరుంటే చుట్టుదారే దారి.

భోగి తెల్లవారుజామున మంటల పొగ ఊరంతా కమ్ముకుని, ఒక్కో ఏడు విమానాలు కూడా ఆలస్యమవుతాయి. ఆ పూటకు సెలవు తీసుకోండి. తీరం నుంచి రాగానే గొలుసును మంచినీటి గుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేయండి. ఉప్పుగాలికి తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.