వారానికి ఎన్ని లాటిన్ మాటలు? పుస్తకం కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

అమెరికాలో ఇంటి దగ్గరే చదువుకుంటున్న పన్నెండేళ్ల అమ్మాయికి లాటిన్ మొదలుపెట్టించాలని చూస్తే ముందుగా వినిపించే పేర్లలో రెండు ఇవి. మెమోరియా ప్రెస్ వారి ‘ఫస్ట్ ఫామ్ లాటిన్’ ఏడాదిలో నేర్పే మాటలు సుమారు 185. డెన్మార్క్ పండితుడు హాన్స్ ఓర్‌బెర్గ్ రాసిన ‘ఫమీలియా రొమానా’ పూర్తయ్యేసరికి పరిచయమయ్యే మాటలు సుమారు 1,800. రెండూ లాటిన్ అసలు రానివాళ్ల కోసం రాసినవే. అయినా దాదాపు పదింతల తేడా!

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. ఫస్ట్ ఫామ్ మాటలకన్నా రూపాలకు పెద్దపీట వేస్తుంది. నామవాచకాల ఐదు డిక్లెన్షన్లు (రూపాల వర్గాలు), మొదటి రెండు కాంజుగేషన్ల (క్రియా వర్గాల) క్రియలు ఆరు కాలాల్లో, పైకి వల్లిస్తూ నేర్చుకోవాలి. చదవడానికి కథలుండవు. చిన్న చిన్న వాక్యాలతో సరిపెడుతుంది. ఓర్‌బెర్గ్‌ది పూర్తిగా ఎదురు దారి. 35 అధ్యాయాల పుస్తకంలో ఇంగ్లీషు ముక్క ఒక్కటి కనబడదు. మొదటి పేజీ నుంచే అంతా లాటిన్‌లోనే, ఒక రోమన్ కుటుంబం కథగా నడుస్తుంది. బొమ్మలూ, పేజీ పక్కన ఇచ్చిన గుర్తులూ చూసి అర్థం పోల్చుకోవాలి. వ్యాకరణం అధ్యాయం చివర వస్తుంది, అదీ లాటిన్‌లోనే.

ఇక వారాల లెక్క. అమెరికా బడి ఏడాది మామూలుగా 36 వారాలు. వారానికి నాలుగు రోజులు కూర్చుంటే 144 పాఠాలు. ఫమీలియా రొమానాలో అధ్యాయాలు 35, వారాలు 36, చక్కగా సరిపోయిందే అనిపిస్తుంది. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1,800 మాటలను 36 వారాలకు పంచితే వారానికి 50, పాఠానికి పన్నెండు పదమూడు. వాటితోపాటు కొత్త విభక్తులూ కొత్త కాలాలూ. పైగా అధ్యాయాలన్నీ ఒక తూకంలో ఉండవు. మొదట్లో తేలిగ్గా ఉండి, పోనుపోను పొడవూ బరువూ పెరుగుతాయి. మిడిల్ స్కూలు పిల్లకు ఆ వేగం భావ్యం కాదు. అదే పుస్తకాన్ని మూడేళ్లకు పరిస్తే 108 వారాలు, వారానికి 16, 17 మాటలు. ఇది మోయగలిగిన బరువు.

ఇదే కొలతతో మిగతావీ చూడవచ్చు. ఫస్ట్ ఫామ్‌లో వారానికి ఐదు మాటలు. జెస్యూట్ ఫాదర్ రాబర్ట్ హెన్లీ పేరుమీద ఉన్న ‘ఫస్ట్ ఇయర్ లాటిన్’లో సుమారు 500, అంటే వారానికి 14. విలియం లిన్నీ ‘గెటింగ్ స్టార్టెడ్ విత్ లాటిన్’లో 134 చిట్టి పాఠాలున్నాయి. పాఠానికి ఒక కొత్త మాట, లేదా ఒక కొత్త సంగతి, దానిమీద కొన్ని వాక్యాలు. వారానికి నాలుగు చొప్పున 34 వారాల్లో అయిపోతుంది. 40 అధ్యాయాల ‘వీలాక్స్ లాటిన్’ 1956 నుంచి కాలేజీ విద్యార్థుల చేతుల్లో ఉన్న మంచి పుస్తకం. దాన్ని ఏడో తరగతికి తేవడం నాకు సమ్మతం కాదు.

రూపాల బరువు కూడా చూడాలి. ఒక లాటిన్ క్రియకు మూడు పురుషలు, రెండు వచనాలు, ఆరు కాలాలు కలిపి కర్తరిలో 36 రూపాలు. కర్మణిలో ఇంకో 36. సబ్జంక్టివ్‌లో (సంభావనను సూచించే రూపాల్లో) నాలుగు కాలాలే కాబట్టి రెండూ కలిపి 48. మొత్తం 120. ఫస్ట్ ఫామ్ మొదటి ఏడాది ఇందులో మొదటి 36తో ఆగిపోతుంది. మిగతావాటికి సెకండ్, థర్డ్, ఫోర్త్ ఫామ్ పుస్తకాలున్నాయి. నిదానమే, కానీ పునాది గట్టిది. ఓర్‌బెర్గ్ ఒక్క పుస్తకంలోనే దాదాపు అన్నీ ఎదురవుతాయి. అయితే పట్టికలో కాదు, కథలో.

తెలుగు ఇళ్లకు ఇక్కడొక మేలు ఉంది. అమెరికన్ పాఠ్యపుస్తకాలు మొదట్లో చాలా పేజీలు కర్త, కర్మ అంటే ఏమిటో, మాట చివర మారితే అర్థం ఎలా మారుతుందో చెప్పడానికే ఖర్చు పెడతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు అది పుట్టుకతో వచ్చిన విద్య. అమ్మాయి, అమ్మాయిని, అమ్మాయికి. లాటిన్‌లో పుఎల్ల, పుఎల్లం, పుఎల్లై. క్రియ ఎక్కువగా వాక్యం చివరకే వస్తుంది. క్రియ రూపంలోనే ‘నేను’, ‘మేము’ ఇమిడి ఉంటాయి కాబట్టి విడిగా చెప్పనక్కర్లేదు. ‘ఎ’, ‘ది’ అనే ఆర్టికల్స్ గొడవ రెండింటిలోనూ లేదు. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. లాటిన్‌లో నపుంసక లింగ నామాలకు ప్రథమా విభక్తికీ ద్వితీయకూ ఒకటే రూపం. బెల్లుం అంటే యుద్ధం, యుద్ధాన్ని కూడా. మనం ‘అమ్మాయిని పిలిచాను’ అంటాం కానీ ‘పుస్తకం చదివాను’ అని ఊరుకోమూ? ఇంగ్లీషు పిల్లలకు కంఠస్థం చేయాల్సిన నియమంగా కనబడేది మన పిల్లకు అలవాటుగా తోస్తుంది.

అచ్చుల సంగతీ అంతే. లాటిన్‌లో ప్రధానంగా ఐదు అచ్చులు, ఒక్కోటి హ్రస్వం, దీర్ఘం, వెరసి పది. అ ఆ ఇ ఈ ఉ ఊ ఎ ఏ ఒ ఓ. అచ్చంగా తెలుగు వరస. హిందీ లిపిలో, సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ లేవు, మనకున్నాయి. ఇది ఉచ్చారణ ముచ్చట మాత్రమే కాదు. వెనిత్ అంటే ‘వస్తున్నాడు’, వేనిత్ అంటే ‘వచ్చాడు’. ఎ, ఏ తేడాలోనే కాలం మారింది. రొస అంటే గులాబీ, రొసా అంటే ‘గులాబీతో’ అనదగ్గ ఆబ్లటివ్. పట్టికల్ని తెలుగు లిపిలో రాయించి చదివిస్తే ఈ తేడాలు కంటికీ చెవికీ ఒకేసారి పడతాయి. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుని రామ శబ్దం వల్లించిన తల్లిదండ్రులకు మరో ఊరట: అక్కడ ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, 24 రూపాలు. ఇక్కడ ఆరు కేసులు, రెండు వచనాలు, 12 మాత్రమే.

తెలుగు ఆదుకోని చోటు కూడా చెప్పాలి. మంచి అమ్మాయి, మంచి అబ్బాయి, మంచి పేరు. మనకు ‘మంచి’ మారదు. లాటిన్‌లో బొన, బొనుస్, బొనుం అని లింగాన్నిబట్టి, వచనాన్నిబట్టి, విభక్తినిబట్టి మారుతూనే ఉంటుంది. సంబోధన వదిలేసినా 30 గళ్ల పట్టిక. తెలుగు పిల్లలు తడబడేది ఇక్కడే కాబట్టి, విశేషణాల దగ్గర రెండు వారాలు అదనంగా కేటాయించండి.

పుస్తకం ఎంత మంచిదైనా, పక్కన ఎవరు కూర్చుంటారన్నదే అసలు ప్రశ్న. లాటిన్ రాని అమ్మానాన్నలకు ఫస్ట్ ఫామ్‌లో టీచర్ మాన్యువల్, జవాబుల పుస్తకం, వీడియోలు దొరుకుతాయి. పూర్తి సెట్టు కొంటే వంద డాలర్లు దాటుతుంది. లిన్నీ పుస్తకానికి ఉచిత ఆడియో ఉంది, జవాబులు పుస్తకంలోనే ఉంటాయి. వీడియోలో మాస్టారు చెబితేనే బుద్ధిగా వినే పిల్లలకు డ్వేన్ థామస్ ‘విజువల్ లాటిన్’ 60 పాఠాలు బాగుంటాయి. ఓర్‌బెర్గ్ ఒక్కదాన్నే చేతికిచ్చి వదిలేయకండి. జీన్ న్యూమన్ ఇంగ్లీషులో రాసిన సహాయ పుస్తకమైనా ఉండాలి, వారానికోసారి చూసే గురువైనా ఉండాలి. ఆన్‌లైన్ క్లాసుకు ఏడాదికి కొన్ని వందల డాలర్లు అవుతుంది. రెండో ఏడాది నుంచి ఆ డబ్బు వృథా కాదని నా అభిప్రాయం.

మతం సంగతి కూడా ముందే తెలిసి ఉండటం మంచిది. మెమోరియా ప్రెస్, హెన్లీ పుస్తకాలు క్రైస్తవ నేపథ్యంలో పుట్టాయి. ప్రార్థనలు, బైబిల్ ప్రస్తావనలు ఉంటాయి. చర్చి ఉచ్చారణ వాడకమూ అక్కడే ఎక్కువ. ఓర్‌బెర్గ్, కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్స్ రోమన్ల నాటి ఉచ్చారణను అనుసరిస్తాయి, మతబోధ వాటి ఉద్దేశం కాదు. అయితే వాటిలో బానిసలు అడుగడుగునా కనబడతారు. ఆ సంగతులు పిల్లలతో మాట్లాడక తప్పదు, మాట్లాడాలి కూడా. కేంబ్రిడ్జ్ కోర్సులో మొత్తం 48 స్టేజీలు. మొదటి 12 పాంపే నగరంలో నడిచి, క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలవడంతో ముగుస్తాయి. కథ కోసం చదివే పిల్లలకు దానంత పట్టున్నది మరోటి లేదు. పట్టికలు మాత్రం తల్లిదండ్రులు పక్కన కూర్చుని చేయించాలి.

ఎంతదూరం వెళ్లాలో కూడా నిర్ణయించుకోండి. అమెరికాలోని డికిన్‌సన్ కాలేజీ వారు లాటిన్‌లో తరచూ వచ్చే వెయ్యి మాటల జాబితా తయారుచేశారు. మామూలు లాటిన్ రచనలో అవి దాదాపు 70 శాతం. అంటే వెయ్యి వచ్చాక కూడా పది మాటల పంక్తిలో మూడు కొత్తవే. కాబట్టి 185 మాటల ఏడాది తర్వాత పిల్ల రోమన్ కవి వర్జిల్‌ను చదువుతుందని ఆశ పెట్టుకోకండి. కేవలం స్పెల్లింగ్ బీ కోసమే అయితే ఏ లాటిన్ కోర్సూ అక్కర్లేదు. ధాతువుల పుస్తకం ఒకటి చాలు, నాలుగేళ్ల శ్రమ తప్పుతుంది.

హైస్కూల్ క్రెడిట్ కావాలంటే లెక్క వేరు. కార్నెగీ యూనిట్ అంటే 120 గంటలు. 144 పాఠాలకు పంచితే పాఠానికి సరిగ్గా 50 నిమిషాలు. మిడిల్ స్కూల్లో అరగంట చాలు, ఏడాదికి 72 గంటలవుతాయి. రాష్ట్రాన్నిబట్టి చట్టం మారుతుంది. టెక్సస్‌లో గంటల లెక్క అడిగేవారు లేరు. న్యూయార్క్‌లో ఏడో తరగతి నుంచి ఏడాదికి 990 గంటల చదువు చూపించాలి. 120 గంటల లాటిన్ అందులో ఎనిమిదో వంతు, తేలిగ్గా తీసుకునే భాగం కాదు. చివర ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్ష రాయించే ఆలోచన ఉంటే 2025-26 నుంచి సిలబస్ మారిందని గుర్తుంచుకోండి. సీజర్ పోయి ప్లినీ ఉత్తరాలు వచ్చాయి, వర్జిల్ అలాగే ఉన్నాడు. సీజర్‌ను చదివించడమే గమ్యంగా రాసిన పాత కోర్సుల బలం ఆమేరకు తగ్గింది.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఏడో తరగతిలో మొదలుపెట్టే పిల్లకు నేను చెప్పే దారి ఇది. మొదటి ఏడాది లిన్నీ 134 పాఠాలు, రోజుకు అరగంట. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఫమీలియా రొమానా, అధ్యాయానికి మూడు వారాల చొప్పున 105 వారాలు. హైస్కూల్లో అడుగుపెట్టాక రోజూ 50 నిమిషాలు. పదకొండులో అసలు రచయితల్ని చదవడం, పన్నెండులో ఏపీ. పట్టికలంటే సరదాపడే పిల్ల అయితే ఓర్‌బెర్గ్ బదులు ఫస్ట్ ఫామ్ వరస పెట్టండి. కొనేముందు ప్రచురణకర్తలు ఇచ్చే నమూనా పాఠాలు రెండు ముద్రించి, పిల్ల చేత చేయించి, గడియారం చూడండి. అరగంట పాఠం గంట పడితే ఆ పుస్తకం ఈ ఏడాదికి కాదు. ఇక ఫమీలియా రొమానా దారి పట్టినవారికి మూడేళ్ల 108 వారాల్లో 105 పోగా మూడే మిగులుతున్నాయి. జ్వరాలకీ, ఇండియా ప్రయాణాలకీ అవి చాలవు. తేలికైన మొదటి ఆరు అధ్యాయాలు రెండేసి వారాల్లో ముగిస్తే ఇంకో ఆరు వారాలు చేతిలో ఉంటాయి. అవి అవసరమయ్యేది 20వ అధ్యాయం దాటాకే.