వేరును కుళ్ళించు బూజు – కంటికిని శత్రువు

గ్రామములందలి పెద్దలైన మీరు పైరుల తెగుళ్ళను నాకంటె బాగుగా నెరుగుదురు. నిన్నటివరకు నిగనిగలాడిన మొక్క నేడు తలవాల్చును. పెరికి చూడగా వేరు గోధుమవన్నెకు తిరిగి, పైబెరడు చేతిలోనికే ఊడివచ్చును. దీనిని వేరుకుళ్ళు అందురు. ఈ తెగులును కలిగించు బూజులలో నొకదానినిగూర్చి నేడు చెప్పదలచితిని. పొలములో వేరును తినునదియే, సందు దొరికినచో మనుష్యుని కన్నునుకూడ తినును. వినుటకు వింతగానున్నను, ఇది మన తెలుగునాట జరుగుచున్న సంగతియే.

దీనిపేరు ఫ్యుజేరియం సొలాని. ఇది కంటికి కనబడని సన్నని దారములవలె నేలలో ప్రాకుచుండును. దీని బీజకణములు కొన్ని పడవ ఆకారమున నుండును. కొన్ని గుండ్రముగా, మందమైన గోడలతో నుండును. ఈ రెండవ రకమువి పైరు లేకున్నను ఏండ్లతరబడి నేలలో నిద్రించి, వేరునుండి ఊరు రసము సోకగానే మేల్కొని మొలకెత్తును. చిక్కుడు, బఠాణీ వేళ్ళను, మన బత్తాయి తోటలలోని చెట్ల వేళ్ళను ఇది కుళ్ళించును. నీరు నిలిచి ఊపిరాడని వేరును, నాగలి తగిలి గాయపడిన వేరును దీనికి సులభముగా లొంగును. గాయమే దీనికి ద్వారము.

కంటి విషయమునను అంతే. నూర్పిడిలో ఎగిరిన పొట్టు, చెరకాకు అంచు, కంపముల్లు, పశువు తోక – వీనిలో ఏది తగిలినను కంటిపై గీత పడవచ్చును. నల్లగుడ్డుమీద అద్దమువంటి పొర యొకటి కలదు. దానికి స్వచ్ఛపటలమని పేరు. వెలుతురు చొరవలెను గనుక దానిలో నెత్తురునాళములు లేవు. అందుచేత శత్రువు చొరబడినపుడు దేహమునందలి రక్షకకణములు అచటికి చేరుట ఆలస్యమగును. గీతపడినచోట బూజు నాటుకొని, వేరునందువలెనే రసములను వెలువరించి, ఆ పొరను కరగించుచు లోనికి పోవును. మొదట ఎరుపు, గరగర, నీరు కారుట. పిదప ఈకలవంటి అంచులుగల తెల్లని మచ్చ. ఉపేక్షించినచో పువ్వు వేయును, లేదా గ్రుడ్డు చిల్లుపడి కన్నే పోవును.

బూజువలన కలుగు కంటిపుండును 1879లో లేబర్ అను జర్మను వైద్యుడు మొదట వర్ణించెను. ఆ రోగియు రైతే. నూర్పిడిలో ఎగిరిన ఓట్ల పొట్టు అతని కంట పడెను. అందు కారణమైన బూజు వేరొక జాతిది. దారి మాత్రము ఇదియే. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థవారు పదేండ్లలో తమకడకు వచ్చిన ఇట్టి రోగులు 1350 మందికి పైగా లెక్కను 2002లో ప్రకటించిరి. వారిలో సగముకంటె ఎక్కువమందికి ముందుగా కంటికి దెబ్బ తగిలియుండెను. మూడవవంతునకు మించినవారియందు ఫ్యుజేరియం జాతి బూజులే కనబడెను.

ఇది అంటురోగము కాదు. కుళ్ళిన వేరును తాకినంతమాత్రమున రాదు. రక్తపు కేన్సరు మొదలగువానిచే దేహరక్షణశక్తి మిక్కిలి క్షీణించినవారికి మాత్రము ఇది నెత్తురులోనే వ్యాపించి ప్రాణాపాయము తేవచ్చును.

కంటికి దెబ్బ తగిలినపుడు మనవారు ఆకుపసరు పిండుదురు, చనుబాలు పోయుదురు, నలుసును నాలుకతో తీయింతురు. ఇవి గాయములోనికి క్రొత్త క్రిములను కొనిపోవును. అంతకంటె కీడు, వైద్యుని అడుగక అంగడిలో స్టీరాయిడ్ చుక్కలు కొని వేసికొనుట. ఎరుపు తగ్గి నయమైనట్లే తోచును. లోపల బూజు విజృంభించును.

కన్ను నలపరాదు. దుమ్ము, పొట్టు పడినచో శుభ్రమైన నీటితో కడుగవలెను. గ్రుచ్చుకొన్న ముల్లును మాత్రము పెరుకరాదు. ఆనాడే నేత్రవైద్యుని జూడవలెను. ఆయన పుండునుండి కొంచెము గీచి, సూక్ష్మదర్శినిలో చూచి బూజును గుర్తించును. దీనికి నాటామైసిన్ చుక్కలు కలవు. వారములకొలది విడువక వేయవలెను. 2013లో ప్రకటితమై, తమిళదేశపు అరవింద నేత్రవైద్యశాలలలో జరిగిన పరీక్షలో, వొరికోనజోల్ అను క్రొత్త మందుకంటె ఇదియే, విశేషించి ఫ్యుజేరియం విషయమున, మేలని తేలెను. ఈ మందును ఇచ్చు సూక్ష్మజీవి 1955లో దక్షిణాఫ్రికాలోని నేటాలు ప్రాంతపు మట్టిలో దొరకెను. రోగము మట్టిలోనిదే, మందును మట్టిలోనిదే!

పొలములో నీరు నిలువకుండ కాలువ తీయించుడు. చెట్ల మొదళ్ళకడ లోతుగా దున్ననీయకుడు. అట్లే నూర్పిడినాడు కూలివారికి కంటి అద్దములు పెట్టించుడు. కంట పొట్టు పడినదని యెవడైన వచ్చినపుడు, పసరునకై చేనికి పంపక ఆసుపత్రికి పంపుడు. ఊరిలో మీ మాట చెల్లును. ఆ మాట సకాలమున చెప్పినచో ఒక కుటుంబపు జీవనము నిలుచును.