తురాయి: విత్తు మొలిపించడం తేలికే, చోటు చూపడమే కష్టం.. సూరత్ ఇరుకిళ్లలో ఈ చెట్టును పెంచడం ఎలా?

ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో కొమ్మకొమ్మనా ఎర్రగా విరబూసే చెట్టును తెలుగువారు తురాయి అంటారు. గుజరాత్‌లో దాని పేరు గుల్‌మొహర్. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాలకు ఈ రెండు పేర్లూ పరిచితమే. అయితే వారు ఎక్కువగా నివసించే లింబాయత్ వంటి ప్రాంతాల్లో ఇళ్లు ఇరుకు, పెరళ్లు అరుదు. చెట్టు కింద రాలిన కాయ నుంచి విత్తనాలు ఎన్నైనా దొరుకుతాయి. మొలిచిన మొక్కను ఎక్కడ పెంచాలన్నదే అసలు ప్రశ్న.

విత్తు నాటినా ఎందుకు మొలవదు?

తురాయి స్వస్థలం మడగాస్కర్ ద్వీపం. అక్కడి పొడి అడవుల్లో ఏటా కొన్ని నెలలపాటు వాన కురవదు. ఒక్క జల్లుకే విత్తనాలన్నీ మొలిస్తే ఆ తర్వాతి ఎండకు మొలకలన్నీ మాడిపోతాయి. గట్టి పెంకు నీటిని లోపలికి చేరనీయకుండా విత్తును కాపాడుతుంది. అందువల్ల నేరుగా నాటిన విత్తు నెలల తరబడి మట్టిలో అలాగే ఉండిపోవచ్చు.

పరిష్కారం సులభం. విత్తులో మొలక వచ్చే కొనను విడిచి, రెండో కొన వద్ద పెంకును ఉప్పు కాగితంతో లోపలి లేత రంగు కనిపించేదాకా రుద్దాలి. తర్వాత 24 గంటలు నీటిలో నానబెట్టాలి. ఉబ్బిన విత్తనాలను ఒకటి, రెండు సెంటీమీటర్ల లోతున నాటితే సాధారణంగా రెండు వారాల్లోపే మొలకెత్తుతాయి. ఉబ్బనివాటిని మళ్లీ రుద్ది నానబెట్టాలి. సూరత్ ప్రాంతపు నల్లరేగడి నీటిని ఎక్కువసేపు నిలుపుతుంది. కనుక కుండీ మట్టిలో ఇసుక, ఎరువు కలపడం మేలు.

గోడ పక్కన నాటవచ్చా?

నాటకపోవడమే మంచిది. తురాయి 10 మీటర్లకు మించి ఎదుగుతుంది, గొడుగులా అంతకన్నా వెడల్పుగా విస్తరిస్తుంది. వేళ్లు పైపైనే పాకి గచ్చును లేపుతాయి. కొమ్మలు పెళుసు కావడంతో వానాకాలపు గాలులకు విరిగిపడతాయి. గోడలకు, విద్యుత్ తీగలకు కనీసం 8 నుంచి 10 మీటర్ల దూరం ఉన్నచోటే దీన్ని నాటాలి.

బోన్సాయ్‌గా పెంచడం ఎలా?

అంత చోటు లేనివారికి ఉన్న మార్గం బోన్సాయ్. మొలకను వెంటనే చిన్న పళ్లెంలో పెడితే కాండం సన్నగానే మిగిలిపోతుంది. మొదట రెండు, మూడేళ్లు పెద్ద కుండీలో పెంచి కాండాన్ని లావెక్కనివ్వాలి. ఆ తర్వాత వేసవి చివర కాండాన్ని కావలసిన ఎత్తున కోయాలి. తల్లివేరును కుదించి, క్రమంగా లోతు తక్కువ కుండీలోకి మార్చాలి.

తురాయి కొమ్మను కోస్తే కోసిన చోటి నుంచి కొంత కిందిదాకా ఎండిపోతుంది. అందుకే అనుకున్నదానికి రెండు, మూడు సెంటీమీటర్లు పైన కోయాలి. బెరడు మెత్తన కనుక ఒంపు కోసం చుట్టిన తీగను తరచూ పరిశీలించి, ఒరిపిడి మచ్చ పడకముందే విప్పాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ అవసరం. వానాకాలంలో కుండీ అడుగున నీరు నిలవకూడదు.

పూలు పూస్తాయా?

ఇక్కడే చాలామంది నిరాశ చెందుతారు. విత్తు నుంచి పెరిగిన తురాయి నేలలోనే పూతకు రావడానికి ఐదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. చిన్న కుండీలో పూయడం అరుదు. బోన్సాయ్‌లో కనిపించే అందం ప్రధానంగా కాండానిది, ఈకల్లాంటి ఆకులది.

కుండీలో పూలే ముఖ్యమనుకునేవారికి అదే కుటుంబానికి చెందిన రత్నగంధి అనువైనది. పొదగా పెరిగే ఈ మొక్క మంచి ఎండ తగిలితే విత్తు వేసిన ఏడాదిలోనే పూయగలదు. దాని విత్తనాలకూ పెంకు గట్టిదే కనుక పైన చెప్పిన పద్ధతే వర్తిస్తుంది. ఇక మొలిచిన తురాయి మొక్కలు ఎక్కువైతే, విశాలమైన ఆవరణ ఉన్న పాఠశాలకో ఉద్యానవనానికో ముందుగా అడిగి, తొలకరి వేళ అందజేయవచ్చు.